మా తాత భర్మారు, మా టీమ్ లీడ్ గరాజు

మా టీమ్ లీడ్ టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. అరవై దాటాయి, వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. పోయిన నెల భోజనానికి పిలిచి, తిన్నాక గరాజులోకి తీసుకెళ్ళాడు. అమెరికా వాళ్ళ గరాజుల్లో కారు తప్ప అన్నీ ఉంటాయి కదా! ఈయన గరాజులో ఒక బల్ల, దానికి బిగించిన ఇనప ప్రెస్సు, మందు తూచే చిన్న త్రాసు, బయట షెడ్డులో సీసం కరిగించే కుండ. రివాల్వరుకి కావలసిన తూటాలు తనే చేసుకుంటాడట, నలభై ఏళ్ళుగా. "నేను చిన్న ఇంటికి మారుతున్నాను, ఈ ప్రెస్సు నువ్వు తీసుకుంటావా?" అన్నాడు.

నేను వెంటనే వద్దనలేకపోయాను. అదీ అసలు సంగతి.

ఎందుకంటే ఆ సీసం వాసన నాకు కొత్త కాదు. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. కృష్ణ ఒడ్డున వలలకి కట్టే సీసపు గుళ్ళు పోస్తుంటే చిన్నప్పుడు గంటలు గంటలు చూస్తూ కూర్చునేవాణ్ణి. అది చూసినప్పుడల్లా మా తాత ఒక కథ మొదలుపెట్టేవాడు. 1948లో ఆయనకి పదహారో పదిహేడో. సంఘం దళాలకి చీటీలు మోసేవాడు. దొరల గడీల్లోంచి గుంజుకొచ్చిన తుపాకుల్లో చాలా భాగం భర్మార్లే. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే యూజర్ మాన్యువల్ ఉంది చూశారా! గొట్టం మూతి లోంచి మందు పొయ్యాలి, గుడ్డపీలిక కూరాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి. ఇంతా చేస్తే ఒక్కసారి పేలుతుంది. వానలో మందు తడిస్తే అదీ లేదు. "ఒక్క గుండు పోయాలంటే పూట పట్టేదిరా అబ్బాయ్. అందుకే ఊరికే పేల్చేవాళ్ళం కాదు" అనేవాడు తాత. "వాళ్ళం" అని కలుపుకునేవాడు గానీ, ఆయన చేతికి తుపాకీ ఎవరూ ఇవ్వలేదని నానమ్మ చెప్పేది.

ఆ సెప్టెంబరు 13న సైన్యం బెజవాడ వైపు నుంచి సూర్యాపేట మీదుగా వచ్చింది. 17కల్లా నిజాం లొంగిపోయాడు. దళాలు మాత్రం 1951 అక్టోబరు 21న సాయుధ పోరాటం విరమించేదాకా అడవుల్లోనే ఉన్నాయి. పాత నల్లగొండ జిల్లాలో ఏ ముసలాయన్ని కదిపినా తుపాకీ ఊసు రాకుండా మాట పూర్తయ్యేది కాదు. మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'. మాకు తూటా అంటే సామెత లాంటిది. నిజం తూటా చేతిలో పట్టుకుని చూసింది మాత్రం డాలస్‌లోనే.

సరే, గరాజులోకొద్దాం. నాకు నచ్చింది తుపాకీ కాదు, ఆయన నోటుపుస్తకం. ఏ రోజు, ఏ మందు, ఎంత తూకం, ఏ సీసం, గురి ఎలా కుదిరింది, అన్నీ తేదీలతో సహా రాసుకున్నాడు. మన ప్రాజెక్టుల్లో రిలీజ్ నోట్సు అంత శ్రద్ధగా రాసేవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు. మందు పోసేటప్పుడు టీవీ ఉండదు, ఫోను ఉండదు, ఎవరూ పలకరించకూడదు. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు పోస్తే రివాల్వరు చేతిలోనే పగిలిపోవచ్చు. అసలు పొయ్యకపోతే గుండు బారెల్లోనే ఇరుక్కుంటుంది, చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే అదో ప్రమాదం. ఇక్కడ డీబగ్గింగ్ ఉండదు మరి. "డబ్బు మిగులుతుందా?" అంటే పకపకా నవ్వాడు. మిగిలిన డబ్బుతో ఇంకొంచెం ఎక్కువ కాలుస్తాట్ట.

పెట్టెల కొద్దీ తూటాలు కొనుక్కొచ్చి, వారాంతంలో ధనాధన్ కాల్చి, ఫోటోలు గ్రూపులో పెట్టే మనవాళ్ళని చూస్తే నాకు చిరాకు. దానికన్నా ఈయన పద్ధతి వెయ్యి రెట్లు నయం. తను చేసిన ప్రతి తూటా బరువు తనకి తెలుసు. ఆ మాటకొస్తే మా తాత మాట కూడా అదే. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజు నాడే కొత్త తుపాకీ తుడుస్తుంటే పేలి చనిపోయాడు. ఆ వార్త చదివాక ఈ సరదా ఫోటోలు చూడబుద్ధి కావట్లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళలో చాలామందికి తెలీదు కాబట్టి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. కానీ ఇది విని హెచ్-1బి మీదున్న తమ్ముళ్ళు ఎగరొద్దు. మామూలు వీసాల మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. పైగా ఆ చట్టంలో 'తూటా' అంటే పూర్తయిన తూటానే కాదు, ఖాళీ గొట్టం, ప్రైమరు, మందు, ఉత్త సీసపు గుండు కూడా. రూమ్మేటుదైనా సరే, మీ అల్మారాలో పెట్టుకోకండి. ఇహ మన దేశంలో అయితే 1959 ఆయుధాల చట్టం తూటాలు చేసే యంత్రాన్ని కూడా తూటా కిందే లెక్కేస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తయారుచేస్తే కనీసం ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. ప్రెస్సు ఇండియాకి పట్టుకెళ్దామనే మేధావులెవరైనా ఉంటే వాళ్ళకోసం చెప్తున్నా. గురి సరదా ఉంటే ఎయిర్ పిస్టలుంది, మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ అక్కణ్ణుంచే ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

నాకు గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్ళయింది, కాబట్టి నాకా అడ్డు లేదు. ఇంట్లో అడిగాను. మా ఆవిడ తుపాకీ గురించి ఒక్క మాటా అనలేదు. "సీసం కరిగించిన చేతుల్తో పిల్లాణ్ణి ఎత్తుకుంటావా?" అంది. సీసం దుమ్ము బట్టలకంటుకుని ఇంట్లోకొస్తుంది, పిల్లల మెదడుకి చాలా చెడ్డది. మావాడికి నాలుగేళ్ళు. టీమ్ లీడ్ కూడా తన పిల్లలు కాలేజీకెళ్ళాకే కుండ పెట్టాడట, నేను అడిగితే చెప్పాడు. అడక్కపోతే? అదే నాకు నచ్చలేదు. ఈ హాబీ గురించి గొప్పగా చెప్పేవాళ్ళు ముందు చెప్పాల్సిన మాట చివర్న చెప్తారు.

ప్రెస్సు వద్దన్నాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. గుర్తుగా ఉంచుకోమని ఒక సీసపు గుండు ఇవ్వబోయాడు, అదీ బల్లమీదే పెట్టేసి వచ్చాను.

వచ్చే వారం ఊరికి ప్రయాణం. రెండేళ్ళ కిందట ఆయనతో రేంజికి ఒకసారి వెళ్ళినప్పుడు భుజానికేసుకున్న బ్యాగే ఇప్పుడు ఫ్లైట్‌లోకి తీసుకెళ్తున్నాను. సామాన్లో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టులో దొరికి కేసులైన వార్తలు చదవలేదా మీరు? నిన్న రాత్రి ఆ బ్యాగు అరలన్నీ తిరగేసి, బోర్లించి, దులిపాను. రెండు పెన్నులు, ఒక క్వార్టరు, పిల్లాడి క్రేయాను ముక్క రాలాయి. పొద్దున్నే లేచి మళ్ళీ ఒకసారి దులిపాను.