ఈ బెనిఫిటు ఎవరికి?

2024 డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదులోని సంధ్యా థియేటరువద్ద, 'పుష్ప 2' చిత్రము విడుదలకు ముందటి యాట చూడవచ్చిన జనుల తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము విడిచెను. ఆమె కుమారుడు నెలల తరబడి ఆసుపత్రి శయ్యపై నుండెను. ఆ యాట పేరు బెనిఫిట్ షో. ఎవరికి బెనిఫిటు?

ఒకప్పుడు ఈ పేరునకు అర్థముండెను. తుఫానుబాధితులకో, పాఠశాలకో, దీనస్థితిలోనున్న నటునికో సాయముగా ఆడెడి యాటకు ఆ పేరు చెల్లెను. నేడు పేరు మిగిలినది, ధర్మము పోయినది. ఆ రాత్రి టిక్కెట్టుపై 800 రూపాయలు అదనముగా వసూలు చేసికొనుటకు తెలంగాణ ప్రభుత్వమే యనుమతించెను. ఆ సొమ్ము ఏ యనాథశరణాలయమునకు చేరినది?

అభిమానులను వెక్కిరించుట మా యుద్దేశము కాదు. తెఱపై కథానాయకుని పేరు పడగానే కాగితపుముక్కలు వెదజల్లి, ఈలవేసి, ప్రక్కనున్న యపరిచితుని కౌగిలించుకొను కుఱ్ఱవాని సంతోషమును ఆక్షేపించువాడు యౌవనము నెఱుగనివాడు. 1998లో చిరంజీవిగారు స్థాపించిన రక్తనిధికి వరుసలుకట్టి రక్తమిచ్చినవారును ఈ యభిమానులే. అడిగినచో రక్తమునైన నిత్తురు. అడుగువారు ఏమి యడుగుచున్నారన్నదే ప్రశ్న.

1921లో బెజవాడ కాంగ్రెసు సంఘసమావేశమునకు మహాత్ముడు విచ్చేసినపుడు దర్శనార్థమై జనసముద్రము పొంగెను. ఆ సభ దేశమును కోరినదేమి? కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, ఇరువదిలక్షల రాట్నములు. నేటి యువకుని కోరుచున్నదేమి? నడిరేయి క్యూలో నిలువుము. కటౌటునకు పాలు పోయుము. ఫోను చేతబట్టి, తొలిదినపు వసూళ్లు మావే యధికమని యెదుటి నటుని యభిమానుల తల్లులను దూషింపుము. తన జేబులో బస్సుఛార్జి లేనివాడు పరుల కోట్ల లెక్కకై బాల్యస్నేహితునితో మాటలు మానుట మే మెఱుగుదుము. 2020 సెప్టెంబరులో చిత్తూరుజిల్లా కుప్పము ప్రాంతమున ఒక నటుని జన్మదినమునకు బ్యానరు నిలుపుచు మువ్వురు యువకులు విద్యుద్ఘాతమున మడిసిరి. ఆ యిండ్లలో ఆ తేది ఎట్లు గడచుచుండునో పాఠకమహాశయులు ఊహింతురుగాక.

సంధ్యా థియేటరు దుర్ఘటనము తరువాత నటుడు, నిర్మాతలు, దర్శకుడు కలసి ఆ కుటుంబమునకు రెండుకోట్ల రూపాయలు ప్రకటించిరి. మంచిదే. నటుని నిర్బంధించిరి, మఱునాడు విడిచిరి; పత్రికలకు పండుగయైనది. తాను పదవిలో నున్నంతవరకు బెనిఫిట్ షోలుండవని, ధరల పెంపునకు అనుమతి యుండదని ముఖ్యమంత్రి డిసెంబరు 21న శాసనసభలో ఉద్ఘోషించెను. ఆ ప్రతిజ్ఞ సంక్రాంతివఱకైన నిలువలేదు! 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కు ధరలు పెంచుకొన ననుమతించి, న్యాయస్థానము ప్రశ్నించినపిమ్మట వెనుకకు తీసికొనిరి. సెప్టెంబరులో 'ఓజీ' చిత్రపు ముందురాత్రి యాటకు మరల 800 రూపాయల టిక్కెట్టు. పేరు మాత్రము మార్చిరి; ఇపుడది ప్రీమియరు.

మే మడుగునది స్వల్పము. ముందురాత్రి యాటలకు వచ్చు నదనపుసొమ్ము పైసలతోసహా ప్రభుత్వాసుపత్రులకు జమకట్టవలయును. లెక్క థియేటరు గోడకే అంటింపవలయును. ఇందుల కంగీకరించు నిర్మాత యొక్కడైన ముందునకు వచ్చినచో, ఆయన పేరు ఈ పుటలోనే పెద్దయక్షరములతో ప్రకటింతుము.