ఖల్లివల్లి అయిన జీతం

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో అరబ్బీ రానివాళ్లకూ తెలిసిన మాట ఒకటుంది: ఖల్లివల్లి. ‘పోతే పోనీ, వదిలెయ్’ అని దానర్థం. గల్ఫ్‌లో యజమానిని విడిచి, కాగితాలు లేకుండా, పోలీసుల కంటబడకుండా దొరికిన పని చేసుకునేవాణ్ణి ‘ఖల్లివల్లి అయిండు’ అంటారు. తప్పంతా కార్మికుడిదే అన్నట్టు వినిపిస్తుంది. చాలాసార్లు ముందు వదిలేసింది కంపెనీయే.

2016లో సౌదీ ఓజర్ చేసిన పని అదే. లెబనాన్‌కు చెందిన హరీరీ కుటుంబానిది ఆ సంస్థ. రియాద్‌లో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ కట్టింది. చమురు ధర పడిపోయి ప్రభుత్వం నుంచి రావలసిన బిల్లులు ఆగేసరికి, మొదట కోత పడింది కూలీల జీతం మీద. నెలలు గడిచాయి. జిద్దా క్యాంపుల్లో భోజనం కూడా ఆగింది. సౌదీలో పదివేల మందికి పైగా భారతీయులు తిండికి అల్లాడుతున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పారు. భారత కాన్సులేట్ సరుకులు పంచింది.

అన్ని నెలలు జీతం లేకుండా ఎందుకున్నారని అడగడం తేలిక. అకామా, అంటే నివాస అనుమతి కార్డు, రెన్యువల్ చేయించాల్సింది యజమాని. అతను చేయించకపోతే కార్మికుడు నేరస్థుడవుతాడు. వేరే పనికి పోలేడు, ఆసుపత్రికి పోవాలన్నా భయమే. ఇంటికి రావాలన్నా ఆ రోజుల్లో యజమాని ఒప్పుకోవాలి. 2021 మార్చిలో ఈ పట్టు కొంత సడలింది గాని ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు ఆ సడలింపు వర్తించలేదు. అంటే గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే.

చివరికి ఓజర్ కూలీలకు ఉచితంగా ఎగ్జిట్ వీసా ఇచ్చారు. బకాయిల పత్రాలు కాన్సులేట్‌కు అప్పగించి చాలామంది ఉత్త చేతులతో విమానమెక్కారు. మరుసటి ఏడాది జూలై ఆఖరున కంపెనీయే మూతబడింది.

ఇక్కడ గల్ఫ్ వెళ్లడానికి చేసిన అప్పు మాత్రం మూతబడదు. ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము చట్టప్రకారం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఊళ్లో తెచ్చే అప్పు లక్ష దాటుతుంది, నూటికి రెండో మూడో వడ్డీ. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో చనిపోతే 10 లక్షలిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. రెండూ కావలసినవే. అయితే బతికి తిరిగొచ్చినవాడి ఎగవేసిన జీతానికి ఏ బీమా లేదు. పైగా 2020 సెప్టెంబరులో గల్ఫ్ కొలువుల కనీస వేతనాన్ని కేంద్రమే తగ్గించింది. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లి కొట్లాడాక, 2021 జూలైలో గాని వెనక్కి తీసుకోలేదు.

శంషాబాద్‌లో దిగినవాడు జగిత్యాల బస్సెక్కే ముందే అతని పేరు, కంపెనీ, అకామా నంబరు, రావలసిన నెలల జీతం రాసుకునే కౌంటరు ఒకటి పెట్టాలి. ఆ కాగితం పట్టుకుని జిద్దాలోనో దోహాలోనో అక్కడి కోర్టులో నిలబడే వకీలు ఖర్చు ప్రభుత్వమే భరించాలి.