రాహుకాలంలో ఆరిపోయే మీటరు

పదిహేనేళ్లు దాటిన కారులో మీటర్ బోర్డు ఉన్నట్టుండి ఆరిపోతుంది. స్పీడు ముల్లు సున్నాకు పడిపోతుంది, కిలోమీటర్ల అంకెలు సగం సగం కనిపిస్తాయి, కాసేపటికి అన్నీ మామూలైపోతాయి. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ ఏ లోపమూ బయటపడదు. బండికి దిష్టి తగిలిందన్న మాట మొదలయ్యేది ఇక్కడే. పూర్తిగా చెడిపోయిన వస్తువు చుట్టూ నమ్మకాలు పెద్దగా అల్లుకోవు. విప్పి బాగుచేస్తాం, లేదా మార్చేస్తాం. వచ్చిపోయే లోపం అలా కాదు. అది ఎలాగూ తనంతట తాను సర్దుకుంటుంది, సర్దుకునే ముందు మనం ఏం చేశామో దానికి ఆ ఘనత దక్కుతుంది. నిమ్మకాయా మిరపకాయలూ కట్టినా, గుమ్మడికాయ తిప్పి కొట్టినా, అసలేమీ చేయకున్నా మీటరు మళ్లీ వెలిగేదే. కాకపోతే ఏమీ చేయనివాడి అనుభవాన్ని ఎవరూ పదిమందికీ చెప్పరు. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఆకలితో ఉన్న పావురాలకు అవి ఏం చేస్తున్నాయన్నదానితో సంబంధం లేకుండా నిర్ణీత వ్యవధుల్లో గింజలు అందించాడు. ఎనిమిదింటిలో ఆరు తలా ఒక చేష్టకు అలవాటుపడ్డాయి. ఒకటి గిరగిరా తిరిగేది, మరొకటి పెట్టె పైమూలకు తల విసిరేది. గింజ తమ చేష్టవల్లే వస్తోందన్నట్టుగా అవి ప్రవర్తించాయన్నాడు స్కిన్నర్. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మరింత నిశితంగా చేసి ఆ వివరణను ప్రశ్నించారు. ఒక వాదన ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మళ్లీ పరీక్షకు నిలబడాల్సిందే.

మీటరు రాహుకాలంలోనే ఆరిపోతుందన్న వాదననూ అలాగే పరీక్షకు పెట్టవచ్చు. సూర్యోదయం ఆరు గంటలకని లెక్కవేసిన క్యాలెండర్ ప్రకారం రాహుకాలం బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర వరకు, గురువారం ఒకటిన్నర నుంచి మూడు వరకు, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర వరకు. ఎండలో నిలిపిన కారులో మీటరు మొరాయించేదీ ఎక్కువగా మధ్యాహ్నం వేళే. కాబట్టి వారంలో మూడు రోజులు రాహుకాలమూ ఎండవేడీ పక్కపక్కనే ఉంటాయి, నమ్మినవారికి నిదర్శనం దొరికినట్టే అనిపిస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చూసిందే చెబుతున్నారు. అయితే సోమవారం రాహుకాలం ఉదయం ఏడున్నరకు, శనివారం తొమ్మిదింటికి మొదలవుతుంది. కారణం రాహువే అయితే ఆ రెండు రోజులూ లోపం పొద్దున్నే రావాలి, మధ్యాహ్నం రాకూడదు. కారణం వేడి అయితే వారం ఏదైనా అది ఎండవేళనే అంటిపెట్టుకుని ఉండాలి. ఏది నిజమో తేల్చడానికి వేదాంత చర్చ అవసరం లేదు. లోపం వచ్చిన ప్రతిసారీ వారం, గంట, ఎండ, ఏసీ నడుస్తోందా, రోడ్డు గతుకులుగా ఉందా అన్నవి రాసుకుంటే చాలు. లోపం రాని రోజులనూ రాసుకోవాలి, పుస్తకంలో అసలు విలువైన పేజీలు అవే.

వేడికి ఇందులో ఏం పని అంటే, మీటర్ వెనక బోర్డుపై రాగి, సోల్డరింగ్, ప్లాస్టిక్ ఒకే లెక్కన వ్యాకోచించవు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే సోల్డరింగ్‌లో కంటికి ఆనని బీట పడుతుంది. వేడిలో అది విచ్చుకుంటే కరెంటు తెగుతుంది, చల్లబడి మూసుకుంటే వస్తుంది. 1990ల చివరి నాటి బీఎండబ్ల్యూ, సాబ్ కార్లలో తెర మీద అక్షరాలు ముక్కలైపోవడం ఈ జాతి జబ్బే. అక్కడ తెరకూ బోర్డుకూ మధ్యనున్న పల్చటి రిబ్బన్ కేబుల్ అతుకు ఊడేది. ఇక సెల్ఫ్ కొట్టినప్పుడే మీటరు ఆరిపోతుంటే చూపు బ్యాటరీ వైపు తిప్పాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఆ క్షణంలో పదికంటే బాగా కిందికి పడిపోతుంటే మీటర్ బోర్డులోని చిప్ నిలదొక్కుకోలేదు. హెడ్‌లైట్లు వేసినప్పుడు మసకబారితే ఎర్త్ వైరును అనుమానించాలి. లైట్లు, బ్లోయర్ వేసి ఉంచి, మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కూ, రెండో కొనను డాష్‌బోర్డు కింది ఎర్త్ బోల్టుకూ ఆనిస్తే 0.1, 0.2 వోల్టులకు మించి చూపకూడదు. అర వోల్టు చూపిందంటే ఆ బోల్టు కింద తుప్పు ఉంది, లేదా వైరు దెబ్బతిని ఉంది.

డాష్‌బోర్డు మీద చేత్తో కొడితే వెలుగుతోంది కదా, అదీ మూఢనమ్మకమేనా అని అడగవచ్చు. కాదు. ఆ దెబ్బకు లూజ్ కాంటాక్ట్ కదులుతుంది, అంటే అది ఒక ఆధారాన్ని చేతికిస్తోంది. ఎక్కడ కొడితే వెలుగుతోందని వెతకకుండా రోజూ కొడుతూ పోతేనే అది తంతుగా మారుతుంది. కారణం కొలవకుండా బ్యాటరీ మార్చి, తర్వాత మీటరు మార్చి, ఆ తర్వాత వైరింగ్ మార్చే మెకానిక్‌కూ ఇదే వర్తిస్తుంది. చేతిలో నిమ్మకాయకు బదులు స్పానర్ ఉన్నంత మాత్రాన పద్ధతి శాస్త్రీయం కాదు.

ఆయుధపూజ నాడు బండికి కుంకుమ పెడితే ఎవరికి నష్టం, మనసుకు నెమ్మదిగా ఉంటుంది కదా అన్నది మరో మాట. కుంకుమతో, పూలదండతో ఏ నష్టమూ లేదు. ఏడాదికోసారి బండిని శుభ్రంగా తుడిచే ఆచారం మంచిదే. ఆ నెమ్మదితో పరీక్ష మానేస్తేనే నష్టం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. మీటరు మసకబారుతున్నప్పుడు పన్నెండున్నరే ఉంటే డైనమో ఛార్జింగ్ చేయడం లేదని అర్థం. అప్పుడు బండి బ్యాటరీలో మిగిలిన కరెంటుతోనే నడుస్తోంది. రాత్రి హైవే మీద ఆ నిల్వ అయిపోతే మీటరుతో పాటు హెడ్‌లైట్లూ, వెనక లైట్లూ ఆరిపోతాయి, వెనక వచ్చే లారీకి ఈ కారు కనిపించదు.