పెరుగుతాడులే అని పెద్ద సైకిల్ కొనకండి

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నాలుగో తరగతి బాబు వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. వెనకాల ఇంకా ఆరుగురు వరుసలో ఉన్నారు. "మేడమ్, మీరు రోజూ సైకిల్ మీద వస్తారు కదా, ఒక్క విషయం అడగొచ్చా?" అన్నారు.

వాళ్లబ్బాయి ఫోన్‌లో టూర్ డి ఫ్రాన్స్ చూశాడట. అప్పట్నుంచీ కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రేసింగ్ సైకిలే కావాలని ఒకటే గోల. షాపుకి వెళ్తే పెద్దవాళ్ల రోడ్ బైకుల్లో అన్నిటికంటే చిన్న ఫ్రేమ్ చూపించి ఇరవై ఆరు వేలు చెప్పారట. సీటు కిందికి దించితే సరిపోతుంది, ఎలాగూ పెరుగుతాడు కదా అన్నాడట షాపతను. ఈఎంఐ కూడా ఉందట. రెండో టర్మ్ ఫీజు కట్టాల్సిన నెలలోనే ఆ ఈఎంఐ మొదలవుతుంది. "తీసుకోమంటారా మేడమ్?"

వద్దండి అన్నాను. ఎందుకు వద్దో ఆ రెండు నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ముఖం చూస్తే, పిల్లాడి సరదాకి నేనే అడ్డుపడినట్టు అనిపించింది. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఇలా అడిగిన పేరెంట్ ఆయన ఒక్కరే కాదు కూడా.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, దాచుకున్న డబ్బుతో మా అక్క కొడుక్కి సైకిల్ కొన్నాను. వాడికప్పుడు ఏడేళ్లు. 20 అంగుళాల చక్రాలది చూశాను, దాని పక్కనే 24 అంగుళాలది ఉంది. తేడా ఆరు వందలు. పదో తరగతి దాకా వస్తుందిలే అని పెద్దదే తీసుకున్నాను. ముందూ వెనకా షాకబ్జార్లు, లావు టైర్లు, చూడటానికి బైక్ లాగే ఉంది. అక్క కూడా మంచి పని చేశావే అంది. మూడో రోజు సాయంత్రం అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద బ్రేకు వేయబోయాడు. వేళ్లు లీవరుకి అందలేదు. కాలు దించబోతే నేల అందలేదు. మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కూడా రెండేళ్లు సైకిల్ ముట్టుకోలేదు. "పిన్నీ, అది నాకు వద్దు, నువ్వే తొక్కుకో" అనేవాడు. ఆ మాట నవ్వుతూ అనేవాడు కాదు.

పెరిగే పిల్లలకి ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటే. యూనిఫామ్ రెండేళ్లు రావాలని ప్యాంటు అంచు లోపలికి మడిచి కుట్టిస్తాం. బూట్ల ముందు దూది పెడతాం. అందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే చదువుకున్నాను. కానీ సైకిల్‌ని మడవలేం. సీటు దించగలం గానీ ఫ్రేమ్ పొడవు తగ్గదు, బ్రేకు లీవరు దగ్గరికి రాదు, పెడల్ తిరిగే వలయం చిన్నది కాదు. పెద్ద సైకిల్ మీద చిన్న పిల్లాడు తొక్కుతుంటే పక్కనుంచి చూడండి, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు దాదాపు ఛాతీకి తగులుతుంది.

అందుకని వయసు చూసి కాదు, కాలు కొలిచి కొనండి. పిల్లని చెప్పుల్లేకుండా గోడకి ఆనించి నిలబెట్టండి. కాళ్ల మధ్య ఒక నోటు పుస్తకాన్ని అడ్డంగా పెట్టి, తగిలేదాకా పైకి జరపండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. అదే మీరు షాపుకి పట్టుకెళ్లాల్సిన అంకె. కొత్తగా నేర్చుకునే పిల్లలకి సీటు పూర్తిగా దించినప్పుడు దాని ఎత్తు ఈ అంకెను మించకూడదు, రెండు పాదాలూ నేల మీద ఆనాలి. తొక్కడం వచ్చిన పిల్లలకి మునివేళ్లు ఆనితే చాలు. సీటు ముందుకి దిగి నిలబడితే బార్‌కీ పిల్లకీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. సుమారుగా నాలుగు నుంచి ఆరేళ్లకి 14 లేదా 16 అంగుళాల చక్రాలు, ఆరు నుంచి తొమ్మిదికి 20, ఆ తర్వాత పన్నెండు దాకా 24 సరిపోతాయి. అయితే ఒకే తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరి మధ్య జానెడు తేడా ఉంటుందని రోజూ చూసే నేను ఆ లెక్కని పూర్తిగా నమ్మమని చెప్పను. పిల్లని వెంట తీసుకెళ్లండి. పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకునేవాళ్లకి ఈ మాట నచ్చకపోవచ్చు.

రెండోది బరువు. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఎనిమిదేళ్ల పిల్లాడు పాతిక కిలోలు ఉంటాడనుకోండి. షాకబ్జార్లున్న ఉక్కు సైకిల్ పద్నాలుగు కిలోలుంటే, అది వాడి బరువులో సగం కంటే ఎక్కువ. డెబ్భై కిలోల మనిషిని నలభై కిలోల సైకిల్ తొక్కమన్నట్టు. రెండో వీధికే ఆయాసం వస్తుంది, మూడో రోజుకి సైకిల్ బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండ్ అవుతుంది. ఇంట్లో బరువు చూసే మెషీన్ ఉంటే సైకిల్ ఎత్తుకుని మీరు నిలబడండి, అందులోంచి మీ బరువు తీసేయండి. షాపులో అయితే ఒక చేత్తో ఎత్తి చూడండి. చవక సైకిళ్లకి వచ్చే షాకబ్జార్లు గుంతల్ని పెద్దగా ఆపవు, బరువు మాత్రం పెంచుతాయి. అవి లేని మామూలు ఫోర్క్ ఉన్న సైకిల్ చవక కూడా. చిన్న పిల్లలకి గేర్లు కూడా అవసరం లేదు. చైన్ ఊడిపోతే మళ్లీ ఎక్కించుకోవడం చేతనైన రోజున గేర్ల సంగతి చూద్దాం.

ఇక ఆ వంగిన హ్యాండిల్ సంగతి. పిల్లల సైజులో అలాంటి రోడ్ బైకులు తయారవుతాయి, 20, 24 అంగుళాల చక్రాలతో కూడా. కానీ మన షాపుల్లో దొరకడం అరుదు, దొరికినా ధర పెద్దవాళ్ల సైకిల్‌కి దగ్గరగా ఉంటుంది. పైగా ఆ హ్యాండిల్ పట్టుకోవాలంటే బాగా ముందుకి వంగాలి, పైనుంచి బ్రేకు నొక్కాలంటే వేళ్లలో బలం కావాలి. రోడ్ బైక్ సన్నని టైరు మన కాలనీలో డ్రైనేజీ జాలీ సందులో ఇరుక్కుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నాకు ముప్ఫై దగ్గరపడుతోంది కాబట్టి గీసుకుపోయిన మోచేయి చూపించి నవ్వుకున్నాను.

అయితే పిల్లాడి కోరిక పిచ్చి కోరిక అని నేను అనడం లేదు. ఇంకోసారి వాణ్ణి అడిగి చూడండి. వాడికి కావాల్సింది ఆ హ్యాండిల్ కాదు, వేగం. ఆ వేగం వచ్చేది తక్కువ బరువు వల్ల, గాలి సరిగ్గా నింపిన నునుపు టైర్ల వల్ల. అది తక్కువ ఖర్చులో కుదురుతుంది. వాడి సైజు మామూలు సైకిల్ తీసుకుని, బొడిపెల లావు టైర్లు తీయించి, కొంచెం సన్నని నునుపు టైర్లు వేయించండి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 47-406 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ కొలత, రెండూ మిల్లీమీటర్లలో. రెండో అంకె మారకూడదు. 20 అంగుళాల పేరుతోనే 451 కొలత టైర్లు కూడా వస్తాయి, అవి 406 రిమ్‌కి ఎక్కవు. మొదటి అంకె రిమ్ వెడల్పుకి నప్పేంతలో కాస్త తగ్గొచ్చు. గాలి ఎంత పట్టాలో కూడా టైరు మీదే రాసి ఉంటుంది. మా అక్క కొడుకు సైకిల్‌కి జత టైర్లు, బిగింపు కూలితో కలిపి తొమ్మిది వందలైంది. మడ్‌గార్డు, క్యారియర్, బుట్ట కూడా తీసేస్తే పిల్లల కళ్లకి అది రేసింగ్ సైకిలే.

కొత్తదే కొనాలా అంటే, నన్నడిగితే అక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా పిల్లల సైకిల్ రెండు మూడేళ్లకే చిన్నదైపోతుంది. ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ దుమ్ము పట్టిన సైకిళ్లు నాలుగైనా ఉంటాయి. వాచ్‌మెన్‌ని అడగండి, ఎవరివో ఆయనకి తెలుసు. పాతది చూసేటప్పుడు చక్రాలు పైకెత్తి తిప్పండి, రిమ్ అటూ ఇటూ ఊగకూడదు. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ దగ్గర టకటక చప్పుడు వస్తే అక్కడ వదులున్నట్టు. పక్కనుంచి చూస్తే ఫోర్క్ వెనక్కి నొక్కుకుపోయినట్టుంటే అది దేన్నో గుద్దింది, వదిలేయండి. ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లుంటే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. తుప్పు పట్టిన చైను, ఎండిపోయిన ట్యూబులు, అరిగిన బ్రేకు షూలు మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. మిగిలిన డబ్బుతో కొత్త హెల్మెట్ కొనండి. హెల్మెట్ మాత్రం పాతది వద్దు, అది ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనిపించదు.

మా ఊళ్లో నా చిన్నప్పుడు సైకిల్ కొనడమనే ప్రశ్నే లేదు. జనగామ దగ్గర మా బడి ఎదురుగా అద్దె సైకిళ్ల షాపు, గంటకి రెండు రూపాయలు. వరుసగా చిన్నా పెద్దా సైకిళ్లు. షాపాయన మా కాళ్లు చూసి, "నీకిది" అని ఒకటి లాగి ఇచ్చేవాడు. పెద్దది కావాలన్నా ఇచ్చేవాడు కాదు. ఆయనకి తెలిసింది బీఈడీ చదివిన నాకు తెలియలేదు.

మా అక్క కొడుకు సంగతి చెప్పి ఆపుతాను. వాడికి తొమ్మిదేళ్లొచ్చాక ఎవరో వాడేసిన 20 అంగుళాల సైకిల్ పద్దెనిమిది వందలకి దొరికింది. పొట్టి పిల్లాడు, ఇప్పటికీ అదే సైజు. మొదట రెండు పెడల్సూ విప్పేశాను. పక్క చక్రాలు పెట్టలేదు, అవి ఉంటే బ్యాలెన్స్ రాదు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొదటి రెండు చక్రాల బండికి అసలు పెడల్సే లేవురా, కాళ్లతో నేలని తోసుకుంటూ పోయేవాళ్లు అని చెప్తే, అయితే సరే అని ఎక్కాడు. నాలుగు ఆదివారాలు నేలని తోసుకుంటూనే తిరిగాడు. ఐదో ఆదివారం వాడే పెడల్స్ తెచ్చి స్పానర్ నా చేతిలో పెట్టాడు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని అప్పుడే చూపించాను, ఆ సంగతి ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు. పోయిన నెల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌కి తీసుకెళ్లాను. ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, వాడు తొక్కింది ఆరు. మధ్యలో ఒకసారి నన్ను దాటేసి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ నాలుగో తరగతి బాబు వాళ్ల నాన్నగారు ఇంకా ఏదీ కొనలేదు. పిల్లాడి కాలు కొలిచి అంకె డైరీలో రాసి పంపారు, 56 సెంటీమీటర్లు. ఆ కాలికి 20 అంగుళాలది సరిపోతుంది. మీ ఇంట్లో అలాంటిది ఖాళీగా ఉంటే చెప్పండి. అదే కాదు, ఏ సైజుదైనా, మీ పిల్లలకి చిన్నదైపోయిన సైకిల్ ఉంటే చక్రం సైజు, మీరు అనుకున్న ధర ఒక కాగితం మీద రాసి పిల్లల డైరీలో పెట్టి పంపండి. ప్రిన్సిపాల్ గారు ఆఫీసు బయట నోటీసు బోర్డులో సగం ఇస్తామన్నారు. సైకిల్ స్టాండ్ కూడా అడిగాను, వచ్చే అకడమిక్ ఇయర్‌కి చూద్దామన్నారు. అప్పటిదాకా నాది జనరేటర్ గది వెనకే ఉంటుంది, పిల్లల్ని ఎక్కించి సీటు ఎత్తు చూసుకోవాలనుకుంటే నాలుగున్నర తర్వాత రండి.