ఇంకొక పెట్టె తెరిచే ముందు



సెలవులకు పిల్లలందరూ ఇంట చేరినప్పుడు వారిని కూర్చోబెట్టి ఏమి ఆడించాలని తల్లిదండ్రులు మమ్మును తరచు అడుగుతుంటారు. వైకుంఠపాళి, అష్టాచెమ్మా, క్యారమ్స్ మన ఇండ్లలో ఎప్పటినుండో ఉన్నవే. వాటిలో సరదాకు లోటు లేదు. అయితే ఒకరు గెలవాలంటే మిగిలినవారు ఓడిపోవలసిందే. ఓడిన చిన్నవాడు అలిగి అన్నం మానేసిన రాత్రులు మా ఇంట కూడా ఉన్నాయి. అందుచేత ఈ నెల, అందరూ ఒకే పక్షాన ఉండి ఆడే ఒక ఆటను గూర్చి, దానికి చేర్చుకొనే అదనపు భాగాలను గూర్చి, ఆ విషయంలో మేము చేసిన ఒక పొరపాటును గూర్చి వ్రాస్తున్నాము.

జర్మనీలో చదువుకొంటున్న మా అక్కగారి అబ్బాయి క్రిస్మస్ సెలవులకు వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఆట పేరు డోర్ఫ్‌రొమాంటిక్. పల్లెసీమ అందం మీద మనిషికుండే మమకారాన్ని జర్మన్ భాషలో ఆ మాటతో చెబుతారు. మొదట బెర్లిన్‌లో నలుగురు విద్యార్థులు దీనిని కంప్యూటర్ ఆటగా తయారుచేశారు. 2022లో మిఖాయెల్ పాల్మ్, లూకాస్ త్సాఖ్ అనే ఇద్దరు దీనిని బల్లమీద ఆడే ఆటగా మలిచారు. ఆ సంవత్సరపు ఉత్తమమైన ఆటకు జర్మనీలో ఇచ్చే బహుమానం 2023లో దీనికే లభించింది.

ఆడే విధానం కష్టమైనది కాదు. ఆరు మూలల అట్టబిళ్లలుంటాయి. వాటి మీద అడవి, పొలం, ఇండ్లు, ఏరు, రైలుపట్టాలు ఉంటాయి. వంతు వచ్చినవారు ఒక బిళ్ల తీసి, అంతకుముందు పరచిన వాటికి ఆనించి పెట్టాలి. ఏరు ఏటితోను, పట్టాలు పట్టాలతోను కలవాలి. కొన్ని బిళ్లలు మనకు పని చెబుతాయి. అడవి మీద 5 అంకె పెడితే, ఆ అడవి సరిగ్గా 5 బిళ్లలకు విస్తరించాలి. బిళ్లలు అయిపోగానే లెక్క చూస్తారు. ఆ లెక్క అందరిది. ఒకరు మొదలు ఆరుగురి వరకు, 8 ఏండ్లు నిండిన పిల్లలతో కలిసి ఆడవచ్చు. "ఇక్కడ పెడదామా, అక్కడ పెడదామా" అని అందరూ మాట్లాడుకోవడమే ఇందులోని సుఖం.

ఇక అదనపు భాగాల సంగతి. ఈ తరహా ఆటలలో పేరుపొందిన కార్కసోన్ 2000లో 72 బిళ్లలతో వచ్చింది. అది పోటీ ఆట. 2002లో దానికి మరి 18 బిళ్లలు చేర్చే భాగం వచ్చింది. అందులో పెద్ద దేవాలయపు బిళ్లను ఒక పట్టణంలో పెడితే, పట్టణం పూర్తయినప్పుడు లాభం ఎక్కువ. ఆట ముగిసేసరికి పూర్తికాకపోతే మాత్రం సున్నా! అంటే చేర్పు పోటీకి ఇంకా పదును పెట్టింది. 2022లో అదే పేరుతో అందరూ కలిసి ఆడేది కూడా వచ్చింది. అందులో పొగమంచులోని దయ్యాల బొమ్మలు పెరుగుతుంటాయి. పెట్టవలసినప్పుడు బొమ్మలు మిగలకపోతే అందరూ ఓడినట్లే. కాబట్టి ఏ చేర్పయినా కొనేముందు అది ఇంటికి నెమ్మది తెస్తుందా, ఆందోళన తెస్తుందా అని విచారించాలి.

డోర్ఫ్‌రొమాంటిక్‌లో కొత్త భాగాలు పెట్టెలోనే మూసి ఉంచిన చిన్న పెట్టెలలో ఉన్నాయి. ఆడిన ప్రతిసారి వచ్చిన లెక్కను బట్టి ఒక కాగితం మీద సున్నాలు నింపుతూ పోవాలి. ఫలానా చోటికి చేరితే ఒక చిన్న పెట్టె తెరవవచ్చు. కొత్త బిళ్లలు, కొత్త పనులు వస్తాయి. పాతది అలవాటైన తరువాతనే కొత్తది చేతికందుతుంది. ఇది మాకెంతో నచ్చింది.

ఆ సున్నాలను మా అమ్మాయి తన పెన్సిలుతో తానే నింపేది. మరి రెండు సున్నాలున్నాయనగా సెలవులు ముగిసి హాస్టలుకు వెళ్లిపోయింది. మా అబ్బాయి ఊరుకోలేదు. "ఒక్క ఆట నాన్నా" అన్నాడు. మేమూ ఆగలేకపోయాము. ఒక శనివారం రాత్రి పెట్టె తెరిచేశాము.

వేసవిలో ఆమె వచ్చి, ఆట దించి, తెరిచిన పెట్టెను చూసింది. "ఓహో, అయిపోయిందా" అని మాత్రం అని లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఎవరూ ఆడలేదు. "బిళ్లల కోసం కాదండీ దాని బాధ. తను లేకపోయినా మనకు జరిగిపోతుందని అనుకుంది" అన్నది మా ఇంటి ఇల్లాలు. ఆ మాట మమ్మును నిద్రపోనివ్వలేదు.

తెల్లవారి, "తప్పు మాదేనమ్మా" అని ఒప్పుకొన్నాము. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "బిళ్లలు చిరిగిపోలేదుగా నాన్నా, మళ్లీ మొదలుపెడదాం" అన్నది. కొత్త బిళ్లలను ఏరి వాటి పెట్టెలో పెట్టి, కొత్త కాగితం తీసుకొన్నాము. తన లెక్క పోయిందని అబ్బాయి గొణిగాడు. ఈసారి ఆ పెట్టెను అక్క తెరిచినప్పుడు, లోపల ఏముందో తెలిసి కూడా చెప్పకుండా రెండు చేతులతో నోరు మూసుకొని కూర్చున్నాడు!

ప్రియులారా, ఇట్టి ఆట మీ ఇంట ఉన్నట్లయితే ఒక్కసారి ఒక్క భాగమే చేర్చండి. ఇంట్లో అందరికంటె చిన్నవారికి మొదటి పద్ధతి బాగా వచ్చిన తరువాతనే చేర్చండి. ఉన్నది ఆడి ముగించకుండా మరొకటి కొనవద్దు. డబ్బు ఖర్చు లేని చేర్పు కావాలంటే పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, మీ ఊరి చెరువును, తాటితోపును పిల్లల చేతనే గీయించండి. హాస్టలు నుండి రావలసినవారు ఎవరైనా ఉంటే, వారు వచ్చేవరకు కొత్త పెట్టెను మూసే ఉంచండి. దానిలోని బిళ్లలు పాడైపోయేవి కావు.