మాఫీ కారుకి, ఫ్యాక్టరీ ఇంకెవరికో

మొన్న ఊరెళ్ళినప్పుడు బిచ్కుంద బస్టాండు దగ్గర ఆటో అన్నతో మాటలు కలిశాయి. ఎలక్ట్రిక్ కార్లకి రోడ్డు ట్యాక్సు లేదు తెలుసా అన్నాను, అదేదో నేనే మాఫీ చేయించినట్టు! "మంచిదే తమ్మీ, గా కారు కొనేటోళ్ళు మన బిచ్కుందల ఎంతమంది ఉన్నరు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. బాన్సువాడ దాకా అదే ఆలోచన.

సంగతేంటంటే, 2020లో వచ్చిన తెలంగాణ పాలసీలో మొదటి 5,000 కార్లకే ఈ మాఫీ. 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ఆ పరిమితి ఎత్తేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఎన్ని కార్లైనా సరే, పన్ను లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. పదిహేను లక్షల పెట్రోలు కారుకి లైఫ్ ట్యాక్సే రెండున్నర లక్షల పైమాట. అంటే కారు ఖరీదు పెరిగేకొద్దీ సర్కారు వదులుకునేదీ పెరుగుతుంది. ఉన్నోడికే ఎక్కువ సాయం. ఇదేం లెక్కండీ?

సరే, పొగ తగ్గుతుంది కదా అనుకుందాం. మరి దేశంలో తయారీ మాటేమిటి? కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. దాంట్లో సెల్ ఎక్కడ తయారైందని ఈ మాఫీ అడగదు. చాలా మటుకు చైనా నుంచే వస్తోంది. పైన స్క్రీను మనం రాసి, లోపలి కోడంతా అద్దెకి తెచ్చుకుని "మా ప్రోడక్టు" అని చెప్పుకున్నట్టుంది!

"ముందు కార్లు అమ్ముడుపోతేనే కదా ఫ్యాక్టరీలొచ్చేది" అంటారు మా ఆఫీసు మిత్రులు. సగం నిజమే. బెంగళూరు రేవా 2001లోనే ఎలక్ట్రిక్ కారు అమ్మింది. ఫేమ్ పథకం వచ్చిందేమో 2015లో. ఈలోగా 2010లోనే రేవా మహీంద్రా చేతికి వెళ్ళిపోయింది. కాబట్టి గిరాకీ కావాలి, ఒప్పుకుంటా.

కానీ గిరాకీ ఒక్కటే చాలదని 2025 ఏప్రిల్లో తేలిపోయింది. మోటార్లలో వాడే అయస్కాంతాల ఎగుమతికి చైనా లైసెన్సులు పెట్టగానే మన కంపెనీలకి చెమటలు పట్టాయి. ఇక్కడే తయారు చేయించడానికి కేంద్రం 7,280 కోట్ల పథకం ఒప్పుకుంది ఎప్పుడయ్యా అంటే, ఆ నవంబరులో. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు...

2021 నాటి పీఎల్ఐ దారి నయం. వాహనాలకి 25,938 కోట్లు, సెల్స్‌కి 18,100 కోట్లు. ముందు ఇక్కడ తయారు చెయ్యి, సగం విలువ ఇక్కడిదేనని చూపించు, తర్వాతే డబ్బు అని వాహనాల కంపెనీలకి షరతు. అదీ పద్ధతి.

మన రాష్ట్రం అలా ఎందుకు చెయ్యకూడదు? మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. మా ఊరి నుంచి నారాయణఖేడ్ మీదుగా వెళ్తే వచ్చే జహీరాబాద్‌లో మహీంద్రావాళ్ళు ఎలక్ట్రిక్ ఆటోలు చేస్తున్నారు. మాఫీ ఇంకా పొడిగించాలనుకుంటే పదిహేను లక్షలు దాటిన కారుకి వద్దు. సెల్ ఇక్కడిదైతేనే పూర్తి మాఫీ. అలా మిగిలిన డబ్బు ఆటోల అప్పు మీద వడ్డీకీ, మండలాల్లో చార్జింగుకీ పెట్టండి.

అప్పుడు నేనూ బిచ్కుంద బస్టాండులో ఆ అన్నకి తలెత్తి సమాధానం చెప్తాను. అప్పటిదాకా దీన్ని తయారీకి ప్రోత్సాహం అనకండి, కొనుగోలుకి డిస్కౌంటు అనండి చాలు.