తెర మీది నర్సమ్మ

పావగడ తాలూకాలో మన ఇళ్లకు ఒక సదుపాయం వుంది. బడిలో పలక మీద కన్నడం దిద్దుకున్నాము, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటున్నాము. అందుచేత దీపాలు పెట్టేవేళ టెలివిజను ముందు కూర్చుంటే రెండు భాషల కన్నీళ్లూ మనవే. తెలుగు సీరియల్లో కోడలు ఏడ్చి ముగించేసరికి కన్నడ సీరియల్లో కోడలు మొదలుపెడుతుంది. బెంగుళూరులో చదువుకునే పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, ఇవి చాలవన్నట్లు, ఇంగ్లీషు ఆసుపత్రి కథలు కూడా చూపిస్తున్నారు. వద్దనడం మా వుద్దేశం కాదు. మేమూ చూస్తూనే వున్నాము. చూసి చూసి మాకు కలిగిన ఒక సందేహాన్ని ఈ నెల చదువరుల ముందు పెడుతున్నాము.

ఏ భాష సీరియలైనా సరే, ఆసుపత్రి ఘట్టం ఒక్క తీరుగానే వుంటుంది. ఆపరేషను గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూ వుంటుంది. అది ఆరిపోగానే డాక్టరు గారు బయటికి వచ్చి, ముఖానికి కట్టుకున్న గుడ్డ తీసి, "ఇరవైనాలుగు గంటలు గడిస్తేగాని ఏమీ చెప్పలేము" అంటారు. ఇల్లాలు మంగళసూత్రం కళ్లకద్దుకుని గుడికి పరుగెత్తుతుంది. గంటలు మోగుతాయి. నడుమ నాలుగు సబ్బుల ప్రకటనలు వస్తాయి. తెల్లవారుతుంది. రోగి కళ్లు తెరుస్తాడు. అందరూ డాక్టరు గారికి చేతులు జోడిస్తారు.

మా సందేహమల్లా ఇంతే. ఆ ఇరవైనాలుగు గంటలూ ఏమైపోయినవి? ఆ మంచం పక్కన కూర్చున్నది ఎవరు?

ఆ గంటల్లో జరిగే పని చిన్నది కాదు. నాడి, ఉష్ణం, రక్తపు పోటు, శ్వాస వేళకు చూసి కాగితం మీద ఎక్కించాలి. సెలైను చుక్కలు ఎంత వేగంగా పడుతున్నాయో లెక్కించాలి. కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే ఒళ్లు పుండు పడుతుంది. మందు ఇచ్చేముందు మనిషి అతనేనా, మందు అదేనా, మోతాదు సరేనా, ఇవ్వవలసిన దారి అదేనా, వేళ అయిందా అని అయిదూ సరిచూసుకోవాలి. కాన్పయిన తల్లికి మొదటి గంటల్లో రక్తం ఎక్కువ పోతున్నదేమో, గర్భసంచి గట్టిపడిందా లేదా అని చెయ్యి పెట్టి చూస్తూ వుండాలి. డ్యూటీ మారేటప్పుడు ఇవన్నీ మంచం మంచానికీ తిరిగి రెండవ ఆమెకు ఒప్పజెప్పాలి. సీరియలువారు కత్తిరించి పారేసినది సరిగ్గా ఈ భాగమే.

కత్తిరించిన చోట నర్సును ఎలా నిలబెట్టారో చూడండి. ట్రే పట్టుకుని గోడవారగా నిలుచునే బొమ్మ ఒకటి. "డాక్టర్, పేషెంటు కండిషను సీరియస్!" అని పరుగెత్తుకు వచ్చి మళ్లీ కనపడని మనిషి ఒకతె. డబ్బు తీసుకుని మందు మార్చేదీ, పసిబిడ్డలను తారుమారు చేసేదీ మరొకతె. స్టార్ మా వారి "కార్తీకదీపం" 2017 నుంచి 2023 దాకా మన ఇళ్లలో వంట కూడా ఆపించింది గదా! అందులో కథానాయకుడు గుండె డాక్టరు, కుట్రలు పన్నే ఆవిడా డాక్టరే. అన్నేళ్లు చూశామే, అందులో ఒక్క నర్సు పేరు చెప్పండి అని మా ఇంట్లో అడిగితే ఎవ్వరూ చెప్పలేకపోయారు. మేమూ చెప్పలేకపోయాము.

ఇది తెరవారి తప్పే అని చెప్పి వూరుకుందుము గాని, మా ఇంటి సంగతి ఒకటి అడ్డు వస్తున్నది.

కొన్నేళ్ల క్రిందట శెనక్కాయ చేనులో కలుపు తీస్తూ వుండగా మా చిన్నాయన కొడుకును రక్తపింజరి కరిచింది. మోటారు సైకిలు మీద ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చాము. పొద్దుగుంకింది. డాక్టరు గారు చూసి, చెయ్యవలసినది చెప్పి, ఇంకొక ప్రాణం మీద వున్న కేసుకు వెళ్లారు. నర్సమ్మ వచ్చి వాడి రక్తం కొంచెం తీసి, ఒక గాజుగొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, గడియారం వైపు చూస్తూ కూర్చున్నది. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. మాకు వొళ్లు మండింది.

"ఏమమ్మా, ఇక్కడ మనిషి పోతుంటే నువ్వు గొట్టం ముందు కూర్చున్నావే! డాక్టరు గారిని పిలువు. నీకేం తెలుస్తుంది?" అన్నాము.

ఆమె కోపగించలేదు. "ఇరవై నిమిషాలు కదపకూడదన్నా. గడ్డ కట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టు లెక్క" అని మాత్రం అన్నది. ఇరవై నిమిషాలకు గొట్టాన్ని వంచి చూసింది. రక్తం నీళ్లలాగా జారింది. అప్పుడు ఫోను చేసి డాక్టరుతో రెండు ముక్కలు మాట్లాడి, విషానికి విరుగుడు మందు సెలైనులో ఎక్కించడం మొదలుపెట్టింది.

అటుపైన మేము నిశ్చింతగా గోడకు ఆనుకున్నాము. ఆమె ఆనుకోలేదు. వేరే మంచాలు చూసుకుంటూనే మాటిమాటికీ ఇటు వచ్చి పోతున్నది. ఒకసారి వచ్చి వాడి మెడ వైపు చూసి, "ఎంతసేపటినుంచి గోక్కుంటున్నాడు పెద్దమ్మా?" అని మా చిన్నమ్మను అడిగింది.

"దోమలు తల్లీ" అన్నది చిన్నమ్మ.

దోమలు కావు. ఆమె సెలైను ఆపేసింది, డాక్టరును పిలిచింది, సూదిమందు సిద్ధం చేసి పెట్టింది. డాక్టరు వచ్చేసరికి వాడికి వొళ్లంతా దద్దుర్లు, వూపిరి ఎగశ్వాస. విరుగుడు మందు కొందరికి సరిపడదట. మొదటి గుర్తు దురదేనట. అప్పుడే కనిపెడితే ఒక సూదితో సర్దుకుంటుంది, కనిపెట్టకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అడ్రినలిన్ ఇచ్చి, కాస్త కుదుటపడ్డాక అదే మందును మెల్లగా మళ్లీ ఎక్కించారు. వాడు బతికాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ఇంటికి వచ్చేరోజు డాక్టరు గారికి శాలువా కప్పి, పండ్లబుట్ట చేతికిచ్చాము. ఆయన అర్హుడే, కాదనము. కాని ఆ నర్సమ్మ పేరు మేము అడగలేదు. ఈనాటికీ తెలియదు. "కార్తీకదీపం"లో నర్సు పేరు తెలియకపోవడానికి సీరియలువారిని తప్పుపట్టవచ్చు. దీనికి ఎవరిని తప్పుపట్టాలి?

పెద్దలు వెంటనే "పాత సినిమాల్లో నర్సును గొప్పగా చూపారు గదా" అంటారు. నిజమే. 1960లో వచ్చిన "చివరకు మిగిలేది" చిత్రంలో సావిత్రి నర్సు వేషం వేసింది. బెంగాలీలో 1959లో సుచిత్రాసేన్ వేసిన పాత్ర అది. తరువాత హిందీ "ఖామోషీ"లో వహీదా రెహమాన్ వేసింది. మతి చలించిన రోగిని ప్రేమ నటించి బాగుచేయమని పైవారు ఆజ్ఞాపిస్తే, అలాగే చేసి, ఆఖరుకు తానే మతి పోగొట్టుకునే మనిషి కథ. సావిత్రి నటనకు చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఆలోచించండి. ఆ కథలో నర్సుకు వున్నది హృదయం. ఆమె చదివిన చదువుతో అక్కడ ఎవరికీ పని పడలేదు. బొమ్మగా నిలబెట్టినా, త్యాగమూర్తిగా పీటెక్కించినా, రెండు చోట్లా మరుగున పడ్డది ఆమె విద్యే.

పరదేశపు కథలు ఇందుకు భిన్నమనుకుంటే పొరపాటు. అమెరికాలో 1994 నుంచి 2009 దాకా నడిచిన "ఈ.ఆర్." కథలో నర్సులకు మంచి చోటే ఇచ్చారు. అయితే అందులో ఒక ముఖ్యమైన నర్సు పాత్ర చివరకు డాక్టరు అయింది. నర్సుగా వుండిపోతే ఎదుగుదల లేదన్నట్లు! 2005లో మొదలైన "గ్రేస్ అనాటమీ"లో రాత్రంతా మంచం పక్కన కూర్చునేదీ, సెలైను సర్దేదీ కూడా డాక్టర్లే. నర్సు పని వుంది, నర్సు లేదు. కొంత మారుతున్నదనీ చెప్పాలి. 2012 నుంచి ఇంగ్లండులో బి.బి.సి. వారు వేసిన "కాల్ ది మిడ్‌వైఫ్" మంత్రసానితనం చేసే నర్సుల కథే. 2025లో వచ్చిన "ది పిట్"లో అత్యవసర విభాగాన్ని నడిపే పెద్ద నర్సు పాత్ర వేసిన కేథరిన్ లనాసాకు ఆ ఏడే ఎమ్మీ బహుమానం దక్కింది. ఆ కథలో ఒక రోగి ఆ నర్సును ముఖం మీద కొడతాడు. అదీ నిజమే, మన దగ్గరా జరుగుతున్నదే.

పొరుగునున్న మలయాళం వారు మరికొంత ముందున్నారు. ఇరాకు యుద్ధంలో చిక్కుకుని 2014లో తిరిగివచ్చిన నర్సుల కథను "టేక్ ఆఫ్" అని 2017లో తీశారు. 2018లో నిపా జ్వరం వచ్చినప్పుడు రోగులకు సేవచేసి, అదే జ్వరంతో మరణించిన లిని అనే నర్సు పాత్ర 2019లో వచ్చిన "వైరస్" చిత్రంలో వున్నది. ఆమె పనిచేసినది పెద్ద పట్నంలో కాదు, పెరాంబ్రా అనే వూళ్లో తాలూకా ఆసుపత్రిలో. మన పావగడ వంటి తాలూకా ఆసుపత్రే అనుకోండి.

అసలు ఈ చిక్కు మొన్న మొన్నటిది కాదు. ఫ్లారెన్స్ నైటింగేలు పేరు మన బడిపుస్తకాల్లో అందరమూ చదివాము. చేతిలో దీపం, ముఖాన కరుణ. క్రిమియా యుద్ధకాలంలో, 1855 నాటి పత్రికలు వేసిన బొమ్మ అది. కాని ఆమె రెండో చేతిలో లెక్కల పుస్తకం వుండేది. సిపాయిలు గాయాలకన్న జబ్బులతోనే ఎక్కువగా చస్తున్నారని అంకెలతో, రంగుల పటాలతో నిరూపించి, ప్రభుత్వాన్ని కదిలించింది. 1858లో లండను గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే. లోకం దీపాన్ని దాచుకుని లెక్కల పుస్తకాన్ని పారేసుకున్నది. ఆ గాజుగొట్టం ముందు కూర్చున్న మా నర్సమ్మ చేతిలో వున్నది ఆ రెండోదే.

ఇంతగా చెప్పడానికి ఇంకొక కారణం వుంది. మన బంధువర్గంలో ఒక పిల్లకు బి.ఎస్సీ. నర్సింగులో సీటు వచ్చింది. నాలుగేళ్ల చదువు. పిల్ల వుత్సాహపడింది. నాయనమ్మ మాత్రం, "రాత్రి డ్యూటీలు, మగవాళ్ల వార్డులు! సీరియళ్లలో చూడటం లేదా వాళ్ల వాలకం? రేపు ఎవరు చేసుకుంటారు?" అని పట్టుపట్టింది. నెల రోజులు ఇంట్లో వాదం నడిచింది. గడువు దగ్గరపడ్డది. అప్పుడు ఆ పిల్ల, "అవ్వా, పోయిన ఏడు నీ కంటి ఆపరేషనుకు ముందు, నీకు చక్కెర ఎక్కువ వుందని కనిపెట్టి ఆపించింది ఎవరు?" అని అడిగింది. అవ్వ కాసేపు మాట్లాడలేదు. "ఆ నర్సు పిల్ల మంచిది" అన్నది. "ఆమెకూ ఒక అవ్వ వుంటుంది గదా" అన్నది పిల్ల. సీటు నిలిచింది.

ఈ పిల్ల వెళ్లే దారిలో ఒంటరిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2018లో 2.79 కోట్లుగా వున్న నర్సులు 2023 నాటికి 2.98 కోట్లయినారు. అయినా చాలరని అదే సంస్థ అంటున్నది. మన దేశంలో 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టం స్థానే 2023లో కొత్త చట్టం చేశారు. చట్టాలు మారినంత త్వరగా మన చూపు మారలేదు. 2020 మార్చి 22న గుమ్మాల్లో నిలబడి పళ్లేలు మోగించాము. అదే ఏడు నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారని పత్రికల్లో చదివాము. దేవతలు అని పొగడటం సులువు. దేవతలకు జీతం పెంచనక్కరలేదు, నిద్ర అక్కరలేదు, అద్దె ఇల్లూ అక్కరలేదు.

సీరియళ్లు మానమని మేము చెప్పము. చెప్పినా మా ఇంట్లోనే వినరు. చూసేటప్పుడు "ఆ ఇరవైనాలుగు గంటలు ఎవరు కూర్చున్నారు?" అని పిల్లలను ఒకసారి అడగండి. మన తాలూకా నుంచి తుమకూరు వంద కిలోమీటర్ల దూరం. పెద్ద డాక్టరు దగ్గరికి చేరేలోపల, వూరిలోని ఉపకేంద్రంలోనో తాలూకా ఆసుపత్రిలోనో మనకు ముందుగా ఎదురయ్యేది నర్సమ్మే. ఆమె "కదపకూడదు" అంటే కదపకుండా వుందాము. "ఎంతసేపటినుంచి?" అని అడిగితే, దోమలని తోసిపుచ్చక నిజం చెబుదాము. ఇంటికి వచ్చేముందు పేరు అడిగి తెలుసుకుందాము.

నర్సు పనికి కన్నడంలోనూ తెలుగులోనూ వాడే మంచి మాట ఒకటి వుంది: శుశ్రూష. సేవ అని మనం అర్థం చెప్పుకుంటాము. సంస్కృతంలో ఆ మాటకు మూలార్థం "వినాలనే కోరిక". రోగి మాటనే కాదు, అతడు చెప్పలేని దానిని కూడా ఆమె వింటున్నది. ఇక ఆమె మాట వినడం మన వంతు.